రెండు శాతానికి లైసెన్సు ఇచ్చేటోళ్లకు ఒక లెక్క

దేశంల ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు లేబర్ ఉన్నరని గొప్పగ చెప్పుకుంటం. ఆ మేస్త్రీలల్ల సొంత పేరు మీద ప్రభుత్వ పనుల కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్, అంటే లైసెన్సు ఉన్నోళ్లు ఎందరు? దేవరకొండ పోయినా, నాగర్‌కర్నూల్ పోయినా "ఫలానాయన లైసెన్సు మీద చేస్తున్న" అనే మాటే. చెమట ఒకరిది, అగ్రిమెంటు ఇంకొకరిది. లైసెన్సు ఇచ్చినాయనకు బిల్లు మీద రెండో మూడో శాతం. కూసున్న చోటికే పైసలొస్తున్నయని సంబరపడేటోళ్లు ఒక్కసారి కాగితం, పెన్ను తీసుకోండి.

కోటి రూపాయల పని అనుకోండి. మీకొచ్చేది 2 లక్షలు.

బిల్లు మీ పాన్ మీద, మీ ఖాతాల పడతది. అంటే కోటి మీ టర్నోవరే. పుస్తకాలు రాయకుండ ఊహా లాభం పద్ధతిల రిటర్న్ వేస్తే, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముకు కనీసం 6 శాతం లాభం చూపాలె. మీరు తిన్నది 2 లక్షలు, చూపేది 6 లక్షలు. పుస్తకాలు రాస్తమంటరా? మేస్త్రీ ఇచ్చిన కూలికి మస్టర్ (కూలీల హాజరు పట్టీ) ఏది, కొన్న కంకరకు బిల్లు ఏది?

జీఎస్టీ ఇంకా గట్టి దెబ్బ. ప్రభుత్వ పనికి 18 శాతం, అంటే కోటికి 18 లక్షలు. సిమెంటు, స్టీలు మీ జీఎస్టీ నంబరు మీద కొంటే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తీసేసుకునుడు) వచ్చి ఆ భారం తగ్గుతది. కానీ మేస్త్రీ ఏం చేస్తడు? షాపుల రేటు తగ్గుతదని బిల్లు లేకుండ నగదుకు కొంటడు. అక్కడ ఆయనకు మిగిలింది ఇక్కడ మీ నెత్తిన పడతది. డిపార్ట్‌మెంటు బిల్లులకెళ్లి ముందే కోసిన 2 శాతం జీఎస్టీ (టీడీఎస్) సంగతి కూడా చూసుకోండి. పోర్టల్ల మీరు యాక్సెప్ట్ కొడితేనే అది క్యాష్ లెడ్జర్‌కు, అంటే పోర్టల్ల మీ పన్ను ఖాతాకు వస్తది. చాలమంది కొట్టరు, అది అట్లనే పడి ఉంటది. ఇగ ఆరు నెలలు వరుసగ రిటర్న్ వెయ్యకుంటే జీఎస్టీ రిజిస్ట్రేషనే రద్దు చెయ్యొచ్చు.

పైసల సంగతి పక్కకు పెట్టి టెండర్ కెపాసిటీ, అంటే ఎంత పెద్ద పనికి మీరు టెండర్ వెయ్యొచ్చో చూడండి. ఇది ఎవ్వరూ లెక్క కట్టరు. సూత్రం 2ఏఎన్ మైనస్ బి. ఏ అంటే గత ఐదేండ్లల్ల ఒక్క ఏడాదిల మీరు ఎక్కువల ఎక్కువ చేసిన పని విలువ. ఎన్ అంటే కొత్త పని గడువు, ఏండ్లల్ల. బి అంటే ఇప్పుడు చేతుల మిగిలి ఉన్న పనులు. మీ ఏ కోటీ 20 లక్షలు, గడువు 9 నెలలు అనుకుందాం. 2 × 1.20 × 0.75 చేస్తే కోటీ 80 లక్షలు. అద్దెకిచ్చిన పనులల్ల ఇంకా కోటీ 10 లక్షలు మిగిలి ఉంటే అది పోను 70 లక్షలే. మీ ఊరి పక్కన్నే 90 లక్షల పని పడితే మీరు టెక్నికల్ బిడ్‌లనే అవుట్. "ఏ కూడా పెరుగుతది కద" అంటరు. పెరుగుతది, పని అయినంక, సర్టిఫికెట్ వచ్చినంక. బి మాత్రం అగ్రిమెంటు రోజే పెరుగుతది.

సైటుల మనిషి పడిపోతే? 30 ఏండ్ల కూలి, నెలకు 15,000 లెక్కన చనిపోతే నష్టపరిహారం సగం జీతం 7,500 × వయసును బట్టి చట్టంల ఉన్న అంకె 207.98, అంటే 15,59,850 రూపాయలు. ఈఎస్‌ఐ లేక, ఇన్సూరెన్స్ పాలసీ కట్టక ఉంటే నోటీసు వచ్చేది అగ్రిమెంటుల పేరున్నాయనకే. మేస్త్రీ ఫోన్ ఆ రోజుకు స్విచాఫ్.

ఆఖరికి ఎఫ్‌ఎస్‌డీ, అంటే బిల్లులకెళ్లి పట్టుకునే సెక్యూరిటీ డిపాజిట్. బిల్లుల 7.5 శాతం పట్టుకుంటే కోటికి ఏడున్నర లక్షలు. చాలా పనులకు డిఫెక్ట్ గడువు రెండేండ్లు. అప్పటిదాక రోడ్డు పగిలితే మీరే ప్యాచ్ కొట్టాలె, గడువు తీరినంక పైసలు మీ ఖాతాకే వస్తయి, "నావి" అని మేస్త్రీ వస్తడు. సగం పంచాయితీలు ఈడనే. రాతపూర్వక అనుమతి లేకుండ సబ్‌లెట్ చెయ్యొద్దని, అంటే పని ఇంకొకరికి అప్పజెప్పొద్దని అగ్రిమెంటులనే ఉంటది కాబట్టి ఇద్దరికీ కోర్టుకు పోవుడు కష్టమే.

మేస్త్రీలకు కూడా ఒక మాట. ఇరవై ఏండ్లు ఇంకొకరి పేరు మీద చేసినా మీ పేరున అనుభవం సున్న. కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ల కింది క్లాసులకు అర్హతలు తక్కువే. ముందు అండ్లకు ఎక్కండి. పాన్, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ దరఖాస్తు మూడింట్ల పేరు, ఇంటిపేరు అక్షరం తేడా లేకుండ ఉండాలె. ఆధార్‌ల ఒక తీరు, పట్టా పాస్‌బుక్కుల ఒక తీరు ఉంటే సాల్వెన్సీ (ఆస్తి స్తోమత సర్టిఫికెట్) దగ్గరనే ఆగుతది. సాల్వెన్సీకి ఏడాదే ఆయుష్షు, కాబట్టి మిగతా కాగితాలన్నీ తయారైనంకనే తీసుకోండి. డిజిటల్ సిగ్నేచర్ గడువు ఫోన్ల రిమైండర్ పెట్టుకోండి. బిడ్ ఆఖరి రోజు సాయంత్రం తెలిస్తే ఎవ్వరూ ఏం చెయ్యలేరు.

లైసెన్సు ఉన్నాయనకు నిజంగ మేస్త్రీ పని మీద నమ్మకముంటే లేబర్ రేటుకు ఇయ్యండి. క్యూబిక్ మీటర్‌కు ఇంత, చదరపు అడుగుకు ఇంత అని రాసుకోండి. సిమెంటు, స్టీలు, కంకర మీ బిల్లుల మీదనే రావాలె, కూలి బ్యాంకుల పడాలె. పని అయినంక ఫైనల్ బిల్లు పాసైన వారంలనే అనుభవ సర్టిఫికెట్ అడగండి. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ట్రాన్స్‌ఫర్ అయితే కొత్త సారు పాత ఎం-బుక్కులన్నీ (పని కొలతల పుస్తకాలు) తిరగేసేదాక సంతకం పెట్టడు.