ప్రీసీజన్‌లో స్కోరు కాదు, ఎవరు ఎప్పుడు ఆడారో చూడండి

ప్రీసీజన్ మ్యాచ్‌లన్నీ, అంటే అసలు సీజన్‌కు ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌లన్నీ, గెలిచిన జట్టుకు ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) ఖాయమన్నట్టు కొందరు రాస్తుంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఆ లెక్క నిలవదు. 2008లో డెట్రాయిట్ లయన్స్, 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ప్రీసీజన్‌లో నాలుగుకు నాలుగూ గెలిచి, అసలు సీజన్‌లో 16కి 16 ఓడాయి. 2005లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ ప్రీసీజన్‌లో అయిదూ ఓడి, సీజన్ మొదలయ్యాక వరసగా 13 గెలిచింది.

ఆగస్టులో ఒక్కో జట్టులో 90 మంది దాకా ఉంటారు, చివరికి మిగిలేది 53 మందే. నాలుగో క్వార్టర్‌లో వెనకబడ్డ జట్టును పుంజుకునేలా చేసి గెలిపించేవాళ్లలో చాలామంది సెప్టెంబర్‌కి ఆ జట్టులోనే ఉండరు. పైగా కోచ్‌లు ప్రత్యర్థికి తగ్గ గేమ్‌ప్లాన్ వేయరు, తమ బ్లిట్జ్‌లు (క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు ఆటగాళ్లను పంపే ఎత్తులు) దాచుకుంటారు. కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) అంకెలు చూసి మురిసిపోయే ముందు, ఎదురుగా ఉన్నది ముఖ్య ఆటగాళ్ల డిఫెన్సా, మూడో శ్రేణి ఆటగాళ్లదా అని చూసుకోవాలి.

అలాగని పూర్తిగా వృథా కాదు. బంతి వెంట కాకుండా, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే అయిదుగురి వరస అయిన అఫెన్సివ్ లైన్ మీద కన్నేయండి. ఆ వరసలో ఎడమ చివర ఉండే కొత్త లెఫ్ట్ టాకిల్, పక్క నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే ఎడ్జ్ రషర్‌ని ఎవరి సాయమూ లేకుండా మూడు సెకన్లు ఆపగలుగుతున్నాడా? ఇది గేమ్‌ప్లాన్ లేకపోయినా బయటపడుతుంది. వరస మధ్యలో ఉండే సెంటర్, అతని పక్కనుండే గార్డుల మధ్య సమన్వయం కుదరకపోతే, ప్రత్యర్థి రషర్లు దారులు మార్చుకుని వచ్చే స్టంట్లు వేసినప్పుడు ఒక రషర్ ఎవరూ అడ్డుకోకుండా నడుమ నుంచి దూసుకొస్తాడు.

రిజర్వు ఆటగాళ్లలో ఎవరు నిలుస్తారో తెలియాలంటే మొదటి క్వార్టర్ పంట్ కవరేజ్‌లో, అంటే బంతిని తన్ని ప్రత్యర్థికి అప్పగించినప్పుడు దాన్ని అందుకున్నవాణ్ని ఆపడానికి పరిగెత్తేవాళ్లలో, ఎవరిని దింపారో చూడండి. జట్టులో అయిదో స్థానంలో ఉన్న రిసీవర్‌కి (పాస్‌లు పట్టే ఆటగాడికి) క్యాచ్‌ల కన్నా అదే ముఖ్యం.