మొదటి డోసుకు ముందే రక్తం తీయాలి

అర్ధరాత్రి ఐసీయూలో రోగికి వణుకుతో జ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది. డ్యూటీ డాక్టర్ బలమైన యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. అందులో తప్పు లేదు. ఆ స్థితిలో గంటలోపే మందు పడాలి. కానీ సూది వేసేముందు కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి అదేమిటో తేల్చే పరీక్షకు, రక్తం తీశారా? మా ఆందోళన అక్కడే.

రెండు వేర్వేరు చోట్ల చర్మం శుభ్రం చేసి, పెద్దవాళ్లకైతే ఒక్కో సీసాలోకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. మిల్లీలీటరు రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా లేని సందర్భాలుంటాయి. హడావిడిలో కాస్తంత తీసి సరిపెడితే క్రిమి దొరక్కపోవచ్చు. మందు పడ్డాక తీస్తే ఇంకా కష్టం. తీరా తీసిన సీసా, ల్యాబ్ తెరిచేదాకా నర్సుల బల్ల మీదే ఉండిపోతే రిపోర్టు కూడా అన్ని గంటలు వెనక్కి పోతుంది.

ఏ క్రిమో తెలియడం ప్రాణం మీదకొచ్చే విషయం. సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా రక్తంలో చేరినవారిపై జరిగిన మెరినో పరిశోధన 2018లో వెలువడింది. పైపరాసిలిన్-టాజోబాక్టమ్ ఇచ్చినవారిలో 30 రోజుల్లో 12.3 శాతం మంది చనిపోతే, మెరోపెనెమ్ ఇచ్చినవారిలో 3.7 శాతమే. పైపరాసిలిన్-టాజోబాక్టమ్ కూడా ఆ క్రిములపై పనిచేస్తుందనే ల్యాబ్ పరీక్ష చెప్పింది మరి!

అలాగని అందరికీ మెరోపెనెమ్ పెడుతూ పోతే దానికీ లొంగని క్రిములు పెరుగుతాయి. అప్పుడు కిడ్నీలను దెబ్బతీసే కొలిస్టిన్ లాంటి మందుల దాకా వెళ్లాల్సి వస్తుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. అందుకే మామూలు మందు చాలని కల్చర్ చెబితే ఆ రోజే మార్చాలి. రోగి కోలుకుంటున్నాడు కదా, కదిలించడం ఎందుకన్న భయం మాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేం. మందు ఎన్ని రోజులివ్వాలన్నదీ అంతే. రక్తంలో బ్యాక్టీరియా చేరిన 3,608 మందిపై జరిగి 2024లో వెలువడిన బ్యాలెన్స్ పరిశోధనలో 7 రోజుల చికిత్స 14 రోజులకు తీసిపోలేదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా సోకిన రోగులను మాత్రం అందులో చేర్చలేదు. ఇన్ఫెక్షన్‌కు మూలమైన సెంట్రల్ లైన్‌ను (పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టాన్ని) తీయకుండా, చీము బయటికి పంపకుండా రోజులు పొడిగిస్తే లాభం లేదు.

ఆసుపత్రి యాజమాన్యాలను అడుగుతున్నాం: రాత్రి రెండింటికి తీసిన సీసా వెంటనే కల్చర్ మెషీన్‌లోకి వెళ్లేలా ల్యాబ్‌లో ఒక టెక్నీషియన్‌ను నైట్ డ్యూటీలో పెట్టండి. క్రిమి పెరిగిందని తేలగానే కాగితం కోసం ఆగకుండా వార్డుకు ఫోన్ చేయించండి.