బీదర్ ఒంటి మినారు గారికి

మహమూద్ గవాన్ మదర్సా ముంగిట్లో నిలబడ్డ ఒంటి మినారు గారికి, హైదరాబాద్ నుంచి నమస్కరించి రాయునది.

ఏమనగా, నిన్న ఆదివారం తమరి దర్శనం కోసం దాదాపు 140 కిలోమీటర్లు వచ్చాం. జహీరాబాద్‌లో టిఫిన్ల దగ్గర ఆలస్యమై, చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. తమరేమో తూర్పు ముఖం. ఎండంతా వీపు మీదే. ఫొటోలో నీలం పలకలు నల్లగా పడ్డాయి. అది నా ఖర్మ, పోనివ్వండి.

ఆ ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా బాబాయి అన్నమాటే మింగుడుపడటం లేదు: "రెండో మినారు కట్ చేశావేంట్రా? ఫొటో తీయడం కూడా రాదు!"

కట్ చేసింది నేను కాదంటే వినడే! 1472లో తమరు కవలలు. మూడంతస్తులు, మసీదు, గ్రంథాలయం, పాఠాల గదులు, విద్యార్థుల గదులు. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రి అయిన గవాన్ కట్టించాడు. పాపం, ఆయన్ని 1481లో ఒక దొంగ ఉత్తరమే చంపింది. ఖాళీ కాగితం మీద ఆయన ముద్ర వేయించి, ఒరిస్సా రాజుకు రాసినట్టు అల్లారు. సుల్తాను నమ్మేశాడు. అందుకే ఉత్తరమంటే తమరికి దడ ఉండొచ్చు. దీని మీద ముద్రలేవీ లేవు, నింపాదిగా చదువుకోండి.

గోడ మీద గుండె బొమ్మ గీకిన ప్రేమికులకు ఇంకో ఉత్తరం రాస్తాను. అసలు మంట వేరే.

1657లో ఔరంగజేబు బీదర్‌ను పట్టుకున్నాక మందుగుండు ఎక్కడ పెట్టారు? కాలేజీలో! పక్కనే అంత కోట పెట్టుకుని, పుస్తకాల చోట సిపాయిలా, తుపాకిమందా? 1696లో పేలింది. తమరి తోడబుట్టిన మినారు, దాంతోపాటు ముందు గోడలో సగం ఎగిరిపోయాయి.

ఇప్పుడైనా బుద్ధొచ్చిందా? ఏ సామానుకు చోటు చాలకపోయినా చూపు బడి మీదే. ఓటు పెట్టెలు బడిలోనే. పెళ్లివారి విడిది బడిలోనే. "సెలవులేగా, ఖాళీగానే ఉందిగా" అంటారు. ఖాళీ ఏంటయ్యా ఖాళీ? బెంచీల మీద పిల్లలు లేకపోతే అది గోడౌనా?

సరే, అరిచి లాభం లేదు. కారెక్కబోతూ వెనక్కి తిరిగితే, రాలినవి రాలగా మిగిలిన పలకలు వంకీలు తిరిగి కనిపించాయి. ఇంత జరిగినా నువ్వు నిటారుగానే ఉన్నావు. మెచ్చుకోక తప్పలేదు.

సంక్రాంతికి బాబాయిని తెస్తాను, పొద్దున్నే ఎనిమిదింటికి. రెండోది ఎక్కడుండేదో ఆయనకు నువ్వే చెప్పుకో.

ఇట్లు,
ఫొటో తీయడం రానివాడు