కొన్నది నేను, చూసేదెవరు?

ఇది ఒక అన్నాచెల్లెళ్ల వాదన. మనుషులిద్దరూ నా ఊహే, కానీ వాళ్ల గొడవ మాత్రం అమెరికాలో 2022 నుంచి నిజంగానే నడుస్తోంది. అన్నకు డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ ఉంది, ఆ దేశ పౌరసత్వం కూడా వచ్చింది. చెల్లెలు ఒక బ్యాంకులో అనుమానం తగిలిన లావాదేవీలను పరిశీలించే విభాగంలో పనిచేస్తుంది. ఇద్దరూ గుంటూరు వాళ్లే.

గొడవ ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి. కార్డు తీసుకునే ప్రతి షాపుకూ నాలుగు అంకెల కోడ్ ఒకటి ఉంటుంది. కిరాణా షాపులది ఒకటి, మందుల షాపులది ఇంకొకటి. గన్ షాపులు మాత్రం క్రీడా సామాన్ల లెక్కలోనో, ఇతరాల లెక్కలోనో కలిసిపోయేవి. 2022 సెప్టెంబరులో అంతర్జాతీయ ప్రమాణాలు ఖాయం చేసే సంస్థ ఐఎస్‌ఓ వాటికి విడిగా 5723 అనే కోడ్ ఇచ్చింది. దాన్ని అడిగింది న్యూయార్క్‌లోని అమాల్గమేటెడ్ బ్యాంక్, అనుమానం తగిలిన తుపాకీ కొనుగోళ్లను ముందే గమనించవచ్చని. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ముందు సరేనని, 2023 మార్చికల్లా పని ఆపేశాయి. తర్వాత రాష్ట్రాలు రెండుగా చీలాయి. 2025 మే 1 కల్లా ఆ కోడ్ వాడి తీరాలని కాలిఫోర్నియా చట్టం చేస్తే, వాడనే కూడదని టెక్సస్, ఫ్లోరిడా చట్టాలు చేశాయి.

అన్న: ముందు ఇది చూడు. నా కార్డు స్టేట్‌మెంట్. ఈ లైన్‌లో గన్ షాపు పేరు, 1,380 డాలర్లు. ఏం కొన్నాననుకుంటున్నావు?

చెల్లెలు: తుపాకీ.

అన్న: తుపాకీ రెండేళ్ల కింద కొన్నాను, స్టోర్‌లో దోపిడీ జరిగాక. ఇది దాన్ని పెట్టి తాళం వేసుకునే సేఫ్. చిన్నోడికి ఏడేళ్లు వచ్చాయి, కుర్చీ వేసుకుని బట్టల అల్మారా పై అర అందుకుంటున్నాడు. వాడు కుర్చీ జరుపుతున్న చప్పుడు విన్న మర్నాడే వెళ్లి కొన్నాను. సొంత చెల్లెలివి, నువ్వే తుపాకీ అన్నావు. నేనెవరో తెలియని బ్యాంకు కంప్యూటర్ ఏమంటుంది?

చెల్లెలు: ఒక్క లైన్ చూసి ఎవరూ ఏమీ అనరు అన్నయ్యా. మేం చూసేది వరసని. 2016 జూన్‌లో ఓర్లాండోలోని పల్స్ నైట్‌క్లబ్‌లో 49 మందిని చంపినవాడి సంగతే తీసుకో. అంతకుముందు కొన్ని నెలల్లో ఆరు కొత్త క్రెడిట్ కార్డులు తీసుకున్నాడు. నెలకు పదిహేను వందల డాలర్లు ఖర్చుపెట్టే మనిషి, కాల్పులకు 12 రోజుల ముందు మొదలుపెట్టి 26 వేలకు పైగా గీకేశాడు. రైఫిల్, పిస్టల్, వేల తూటాలు. రెండు రోజుల ముందు గూగుల్‌లో ఏం వెతికాడో తెలుసా? క్రెడిట్ కార్డు మీద మామూలుగా లేని ఖర్చు గురించి, బ్యాంకులు కొనుగోళ్లను ఎందుకు ఆపుతాయన్నదాని గురించి. బ్యాంకు పట్టుకుంటుందేమోనని వాడికి భయం ఉంది. బ్యాంకుకే ఆ ధ్యాస లేదు.

అన్న: ఆ 26 వేలలో వాడు భార్యకు కొన్న ఉంగరం 7,500 డాలర్లు కూడా ఉంది. సరే, అదలా ఉంచు. ఆరు కార్డులు, ఖర్చు ఒక్కసారిగా అన్ని రెట్లు పెరగడం, ఇవి పట్టుకోవడానికి గన్ కోడ్ ఎందుకు? అప్పిచ్చింది బ్యాంకే కదా, ఫోన్ చేసి అడగొచ్చు.

చెల్లెలు: అడుగుతాం. ఈ విభాగానికి రాకముందు మూడేళ్లు నేను చేసింది ఆ ఫోన్ల పనే. "సార్, ఈ కొనుగోలు మీరే చేశారా?" "అవును, నేనే." "థ్యాంక్యూ సార్." అంతే, అలర్ట్ మూసేస్తాం. కార్డు ఎవరైనా కొట్టేశారా అన్నదొక్కటే అప్పటి మా ప్రశ్న. ఆ మనిషి ఏం చేయబోతున్నాడన్న ప్రశ్న ఎవరికీ రాదు. కోడ్ ఉంటే కనీసం వస్తుంది.

అన్న: ఆ ప్రశ్న అడిగే హక్కు నీకెక్కడిదమ్మా? చట్టం అడిగినవన్నీ నేను ఇచ్చాను. తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన 4473 ఫారం కౌంటర్ దగ్గర నిలబడి నింపాను. ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది. ఆ ఫారం షాపువాడి బీరువాలోనే ఉంటుంది. తుపాకీ ఉన్నవాళ్ల జాబితా కేంద్ర ప్రభుత్వం తయారుచేసుకోకూడదని 1986లో ఇక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, చట్టమే చేసింది. వీధి గుమ్మంలోంచి రానివ్వని జాబితాని మీరు పెరటి దారిన తెస్తున్నారు.

చెల్లెలు: జాబితా ఎవరిస్తున్నారు? బ్యాంకులో ఉండేది బ్యాంకులోనే ఉంటుంది. అయినా బ్యాంకు నిన్ను చూడటం ఇవాళ కొత్తగా మొదలైందా? 1970 నాటి చట్టం ప్రకారం పదివేల డాలర్లు దాటిన ప్రతి నగదు లావాదేవీకీ ప్రభుత్వానికి రిపోర్ట్ వెళ్తుంది. అనుమానం వస్తే ఇంకో రకం రిపోర్ట్. 2023 ఆర్థిక సంవత్సరంలో ఆ అనుమానం రిపోర్టులే 46 లక్షలు. నీ స్టోర్ నగదు డిపాజిట్లు ఎన్నేళ్లుగా ఆ జల్లెడలోంచే వెళ్తున్నాయి. ఒక్కసారైనా నిన్నెవరైనా ఇబ్బంది పెట్టారా?

అన్న: నాకు ధైర్యం చెబుదామని నువ్వు 46 లక్షలన్నావు. నాకు మాత్రం ఆ అంకె వింటేనే టెన్షన్‌గా ఉంది. బ్యాంకులోనే ఉంటుందన్నావే, 2021 జనవరి 6న కాంగ్రెస్ కూర్చునే క్యాపిటల్ భవనం మీద ట్రంప్ మద్దతుదారులు దాడి చేశాక ఏమైందో గుర్తుందా? ప్రతినిధుల సభ న్యాయవ్యవహారాల కమిటీ ఛైర్మన్ జిమ్ జోర్డన్ 2024 జనవరిలో ఒక లేఖలో బయటపెట్టాడు. ఖజానా శాఖ కింద ఆర్థిక నేరాల మీద కన్నేసే ఫిన్‌సెన్ బ్యాంకులకు పంచిన కాగితాల్లో ఏముందో అందులో రాశాడు. లావాదేవీల్లో "ట్రంప్", అతని నినాదం "మాగా" అన్న మాటలు వెతకమని ఉంది. చిన్న ఆయుధాల కోడ్ 3484 చూడమని, కబేలాస్, డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ లాంటి వేట, క్రీడా సామాన్ల షాపుల పేర్లు చూడమని ఉంది. తీవ్రవాద భావాలున్న పుస్తకాలు కొనడం, మతగ్రంథాలతో సహా, ఒక గుర్తు కావొచ్చని కూడా ఉంది. నేను ఎవరికి ఓటేశానన్నది పక్కన పెట్టు. కబేలాస్‌లో నేను కొన్నది చిన్నోడికి చేపలు పట్టే గాలం.

చెల్లెలు: అది నేరం జరిగాక చేసిన వెతుకులాట. అక్కడ మనుషులు చనిపోయారు. రెండు పార్టీల ఆఫీసుల దగ్గర పైపు బాంబులు దొరికాయి, పెట్టినవాడెవరో అప్పటికి తెలియదు. అలాంటప్పుడు కాస్త ఎక్కువ మేర వెతకరా?

అన్న: నేరం చేసినవాడి ఖాతా చూడండి, వారెంట్ తెచ్చుకుని చూడండి. కబేలాస్ గుమ్మం తొక్కిన వాళ్లందరి ఖాతాలూ ఎందుకు?

చెల్లెలు: వారెంట్ అక్కర్లేదని ఈ దేశపు సుప్రీంకోర్టే చెప్పింది. 1976లో మిల్లర్ కేసు. జార్జియాలో పన్ను కట్టకుండా విస్కీ కాస్తున్న బట్టీ ఒకటి దొరికింది. దాని వెనకున్న మనిషి బ్యాంకు కాగితాలు వారెంట్ లేకుండానే తీసుకున్నారు. నా గోప్యత అని అతను కోర్టుకెక్కితే, అవి బ్యాంకు కాగితాలు, నీ సొంతం కావు, నువ్వే చేతులారా బ్యాంకుకు ఇచ్చావు కదా అంది కోర్టు. తర్వాత 1978లో కాంగ్రెస్ ఒక చట్టం చేసి కొంత సర్దింది కానీ, మూల సూత్రం ఇప్పటికీ అదే.

అన్న: ఆ సూత్రానికి జవాబు మన హైదరాబాద్ నుంచే వచ్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను మార్చింది. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టారేమో చూడటానికి, కలెక్టర్ రాసిస్తే చాలు, ఎవరైనా వెళ్లి కాగితాలు తిరగేయొచ్చు. బ్యాంకులో ఉన్నవి కూడా. కారణం రాయనక్కర్లేదు. కెనరా బ్యాంక్ కోర్టుకు వెళ్లింది. హైకోర్టు ఆ సెక్షన్ కొట్టేస్తే, 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పే నిలబెట్టింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి లాహోటీ నువ్వు చెప్పిన మిల్లర్ కేసునే తీసుకుని, ఆ వాదన ఒప్పుకోలేదు. కాగితం బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన దాని మీద మన గోప్యత పోదన్నారు. గోప్యత మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, అది ఏ గదిలో ఉందన్నది లెక్క కాదన్నారు.

(వాళ్లిద్దరి మధ్యలో నా మాట ఒకటి. ఇంటి దస్తావేజులు బ్యాంకులో తాకట్టు పెట్టి పిల్లల్ని చదివించిన ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఆ కాగితాలు బ్యాంకు బీరువాలో ఏళ్ల తరబడి ఉన్నా, అవి మనవి కావని ఆ ఇళ్లలో ఒక్కరు కూడా అనుకోరు. ఈ తీర్పు ఆ నమ్మకానికి చట్టంలో చోటిచ్చింది. ఈ విషయంలో నేను అన్న పక్షమే.)

చెల్లెలు: ఆ తీర్పు స్టాంపు డ్యూటీ గురించి అన్నయ్యా. అక్కడ పోయేది ప్రభుత్వం డబ్బు, ఇక్కడ పోయేది ప్రాణాలు. పైగా ఇండియాలో లైసెన్స్ లేనిదే తుపాకీ కొనలేవు, లైసెన్స్ ఇచ్చే ముందు పోలీసు విచారణ ఉంటుంది. నీ దగ్గర తుపాకీ ఉందని అక్కడి ప్రభుత్వానికి ముందే తెలుసు. ఇక్కడ ఆ అడ్డు లేదు కాబట్టే ఇంకో చోట కన్ను పెట్టమంటున్నాను. 2023 మే 6న ఏం జరిగింది? ఆలెన్ మాల్‌లో. నీ స్టోర్ నుంచి ఎంత దూరం? కాల్పుల్లో ఎనిమిది మంది పోయారు. అందులో మన తెలుగమ్మాయి, ఇంజనీరు. ఇంటివాళ్లు అక్కడ ఫోన్ పట్టుకుని కూర్చున్నారు.

అన్న: ఆ రోజు మీ వదిన ఫోన్ ఎత్తలేదు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు నాకు ఇంకొకరు గుర్తుచేయనక్కర్లేదు.

చెల్లెలు: నిన్ను నొప్పించాలని కాదు.

అన్న: తెలుసు. ఆ నలభై నిమిషాల్లో ఎవరైనా వచ్చి, "దేశంలో అందరి ఖాతాలూ చూస్తాం, సంతకం పెట్టు" అంటే పెట్టేసేవాణ్ణే. అందుకే అలాంటి వేళ సంతకం పెట్టించుకోకూడదంటాను. దారి లేదని కూడా అనను. 2018లో పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక ఫ్లోరిడా ఒక చట్టం చేసింది. ఫలానా మనిషి వల్ల ప్రమాదం ఉందని పోలీసులు జడ్జికి చూపిస్తే, కొంతకాలం తుపాకులు తీసేసుకోవచ్చు. ఆ మనిషికి నోటీసు వెళ్తుంది, కోర్టుకు వచ్చి తన వాదన చెప్పుకుంటాడు. గన్ కోడ్ వద్దన్న ఫ్లోరిడాయే ఈ చట్టమూ చేసింది. అలా ఎదురుగా నిలబెట్టి అడిగితే నాకు అభ్యంతరం లేదు.

చెల్లెలు: జడ్జి దాకా వెళ్లాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి కదా. ఒంటరిగా బతికేవాణ్ణి ఎవరు చూస్తారు? ఇంట్లోవాళ్లు చూసినా భయపడి నోరు విప్పరు.

అన్న: ఓర్లాండోవాణ్ణి ఎఫ్‌బీఐ చూసింది. 2013లో ఒకసారి, 2014లో ఇంకోసారి విచారించి వదిలేసింది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినా తెలియనిది నాలుగు అంకెలు చెబుతాయా?

చెల్లెలు: వాళ్లు మాట్లాడినప్పటికి వాడింకా ఆ రైఫిల్ కొనలేదు. వాడు కొంటున్నప్పుడు వాళ్లు చూడటం మానేశారు. ఒక ముక్క వాళ్ల దగ్గర, ఇంకో ముక్క మా దగ్గర ఉండిపోయింది. ఆ రెండూ ఒకే టేబుల్ మీద పడి ఉంటే ఎలా ఉండేదో అని ఆలోచిస్తాను. నువ్వు ఎంత వాదించినా, అది మాత్రం నా మనసులోంచి పోదు అన్నయ్యా.

అన్న: అది కాదనను. నా దగ్గర దానికి జవాబు లేదు కూడా. కానీ ఒకటి చెప్పు. రేపు ఇక్కడా ఆ కోడ్ వచ్చి, నా సేఫ్ లైన్, దాంతోపాటు ప్రాక్టీసుకు తూటాలు కొన్న లైన్ రెండూ కలిసి అలర్ట్‌గా నీ స్క్రీన్ మీదికి వచ్చాయనుకో. ఏం చేస్తావు?

చెల్లెలు: బంధువు ఖాతా నేను చూడకూడదు. పక్కవాళ్లకు ఇచ్చేస్తాను.

అన్న: పక్కవాళ్లు ఏం చేస్తారు?

చెల్లెలు: మామూలు ఖర్చే అనిపిస్తే మూసేస్తారు. లేదంటే రిపోర్ట్ రాసి పంపిస్తారు.

అన్న: పంపించారని నాకు చెబుతారా?

చెల్లెలు: చెప్పకూడదు. అలాంటి రిపోర్ట్ ఉందని ఖాతాదారుకు చెప్పడం నేరం.

అన్న: నువ్వు చెబుతావా?

చెల్లెలు: నేనూ చెప్పకూడదు అన్నయ్యా.