క్యాంపు స్థలపురాణం

ఏటా కార్తీకమాసంలో బెంగళూరులో స్థిరపడిన, ఉత్తర కర్ణాటకలోని సింధనూరు, గంగావతి చుట్టుపక్కల క్యాంపులనే పల్లెల తెలుగువారు వనభోజనాలు చేసుకుంటారు. పనసపొట్టు కూర తరువాత అక్కడ తప్పక వడ్డించేది మా స్థలపురాణం. అందులో చెప్పినదాన్ని బట్టి, 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యేవరకు ఆ నల్లరేగడిలో తుమ్మచెట్లు, తేళ్ళు తప్ప వేరే ప్రాణి లేదు. అప్పుడు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మా తాతలు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ అనేక ఎకరాలు కొని, క్యాంపులు వేశారు. డెబ్బై ఏళ్ళు దాటినా వాటిని క్యాంపులనే అంటాం, రేపో మాపో గుడారాలు పీకేవాళ్ళలాగా.

ఎవరూ లేని భూమిని ఎవరి దగ్గర కొన్నారు, దస్తావేజు మీద వేలిముద్ర తేలుదా అని ఒక కుర్రవాడు అడిగితే, పెద్దలు అతణ్ణి పెరుగన్నం దగ్గరకు పంపించారు. అంతకుముందు అక్కడ జొన్న పండించినవారికి పురాణంలో పాత్ర లేదు.

తుంగభద్ర ఎడమ కాలువ నీటిని ఎక్కువ ఎకరాలకు పల్చగా పంచి, జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలు పండించాలని ఇంజినీర్లు లెక్క వేశారు. మా తాతలకు ఆ లెక్క తెలియక కాదు, వరి కానిదాన్ని పంటగా అంగీకరించే అలవాటు వారికి లేదు. అందువల్ల మడుల్లో నీరు నిలిపి సోనామసూరి పండించి, ఆ ప్రాంతాన్ని కర్ణాటక ధాన్యాగారమని పిలిపించారు. పూడిక చేరి, 133 టీఎంసీల జలాశయం సుమారు 105కు కుంచించుకుపోయినా నాట్లు ఆగలేదు. 200 కిలోమీటర్లకు పైబడిన కాలువ చివర మాన్వి, రాయచూరు పొలాలు ఎండాయంటే, ఆ నేరం కాలువ పొడవుది.

ఇప్పుడు మా మూడో తరం బెంగళూరులో మహదేవపుర వైపు ఫ్లాట్లు కొనుక్కుంది. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్ల కోసం రాత్రుళ్ళు మేలుకున్నాక, నిరుటి వనభోజనాల్లో ఏకగ్రీవ తీర్మానం చేశాం: కావేరి నీటిని ముందున్న కాలనీలవారే వాడేసుకుని చివరివారిని ఎండగట్టడం ఘోరమైన అన్యాయం. ఆ కాగితాన్ని లిఫ్టు పక్కన అంటిస్తూ, మాన్వి తాలూకా నుంచి వలస వచ్చిన మా కాపలాదారుకు కన్నడంలో చదివి వినిపించాను. అతడు శ్రద్ధగా విని, పైప్‌లైను మొదట్లో ఏదైనా క్యాంపు ఉందా సార్ అని అడిగాడు.