నల్లమలను కూడా పంచేయండి

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు బిందెలు, మంచాలు, గేదెలు బాగానే పంచుకుంటారు. గొడవంతా పెరట్లో చింతచెట్టు దగ్గర వస్తుంది. మొదలు ఒకరి వాటాలో, కొమ్మలు ఇంకొకరి వాటాలో. కాయ రాలితే పంచాయితీ, ఆకు రాలితే పంచాయితీ. 2014 జూన్ 2న మన పెద్దలు సరిగ్గా ఈ పొరపాటే చేశారు. పునర్విభజన చట్టంలో తొమ్మిదో షెడ్యూలు పెట్టి కార్పొరేషన్లను, పదో షెడ్యూలు పెట్టి సంస్థలను వరసగా రాసుకున్నారు. నల్లమల పులులను మాత్రం ఎందులోనూ చేర్చలేదు. పులి ఒకటో షెడ్యూల్లో ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. వేరే చట్టం, వేరే ఫైలు.

అందుకే నల్లమలను కూడా పంచేయమని ప్రభుత్వానికి ఒక దరఖాస్తు రాసుకున్నాను. ఈ లోపం వల్ల ఎంత అరాచకం నడుస్తోందో ప్రజల దృష్టికి తేవడం కూడా నా బాధ్యత అనుకుంటున్నాను.

1983లో నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల రిజర్వు ఏర్పడ్డప్పుడు దాని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. దేశంలో అంత పెద్ద పులుల రిజర్వు ఇంకోటి లేదని మనం బడి పుస్తకాల్లో చదువుకుని మార్కులు కూడా తెచ్చుకున్నాం. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతల, తెలంగాణ వైపు ఉన్న భాగం అమ్రాబాద్ పులుల రిజర్వు అయింది. అది 2,611 చదరపు కిలోమీటర్లు. ఇవతలి భాగానికి పాత పేరే ఉండిపోయింది. మధ్యలో నది ఎలాగూ ఉంది కాబట్టి గట్టు వేసే ఖర్చు తప్పిందని అందరూ సంతోషించారు. పులికి ఎవరూ నోటీసు ఇవ్వలేదు. పిల్లి జాతిదే అయినా దానికి నీళ్లంటే భయం లేదు. నది అడ్డొస్తే ఈదుతుంది. ఈదేటప్పుడు ఏ రాష్ట్రం వాటా నీళ్లలో ఈదుతోందో చూసుకోదు.

మనుషులం మనం ఇలా బాధ్యత లేకుండా ఉన్నామా? 2023 నవంబరు నెలాఖరులో నాగార్జునసాగర్ డ్యామ్ మీద ఆంధ్రా పోలీసులు, తెలంగాణ పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. డ్యామ్‌కు గేట్లు 26. పదమూడో గేటు దగ్గర కంచె వేశారు. ఇంత కచ్చితమైన భాగహారం నా స్కూల్ లెక్కల మాస్టారు కూడా చేసి ఉండరు. అదే రిజర్వు అడవిలో, అదే నది ఒడ్డున, ఆ రాత్రి ఏదైనా దుప్పి పద్నాలుగో గేటు వైపు నిలబడి పన్నెండో గేటు వైపు నీళ్లు తాగి ఉంటే దాని మీద ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలో ఇప్పటికీ తేలలేదు.

అసలు గండం స్థానికత దగ్గర ఉంది. నాలుగేళ్లకోసారి పులుల లెక్క తీస్తారు. చెట్లకు కెమెరాలు కడతారు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు. 2018 లెక్కలో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 48, తెలంగాణ మొత్తానికి 26 అన్నారు. 2022 లెక్కకు వచ్చేసరికి ఇక్కడ 63, అక్కడ 21. ఇంకేముంది, ఒకవైపు సంబరం, ఇంకోవైపు సమీక్ష. ఆ రాత్రి ఏ ఒడ్డున కెమెరా ముందు నడిచిందన్నదే దాని రేషన్ కార్డా? ఉద్యోగానికి వెళ్లిన కుర్రాణ్ణి ఏ ఏడు ఎక్కడ చదివావో వరసగా కాగితం తెమ్మంటాం. పులిని మాత్రం ఫొటో చూసి నమ్మేస్తామా? అమ్రాబాద్‌లో పుట్టి, ఆత్మకూరు వైపు వేటాడుతూ, సంసారం ఇంకెక్కడో పెట్టుకున్న పులి లోకలా, నాన్ లోకలా? తహసీల్దారు సంతకం చేయకుండా దాన్ని లెక్కలో చేర్చడం ఎంతవరకు సబబు?

ఇలాంటి తగాదా నల్లమలకు కొత్త కాదని చరిత్ర తెలిసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన అడవిలో ముదురు నీలం రంగు సాలీడు ఒకటి ఉంది. చూస్తే ఎవరో నెమలి మెడ రంగు తెచ్చి పూసినట్టు ఉంటుంది. 1899లో గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికిన ఒక్క ఆడ సాలీడును చూసి శాస్త్రవేత్త పోకాక్ దాని గురించి రాశాడు. ఇంగ్లిష్ పేరులో గుత్తి చేరిపోయింది. తర్వాత నూరేళ్లు ఎవరికీ కనబడలేదు. 2001లో చూస్తే దాని అసలు కాపురం నంద్యాలకు, గిద్దలూరుకు మధ్య అడవిలో! కట్టెల లోడుతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని పరిశోధకుల అంచనా. అంటే టికెట్ లేకుండా ప్రయాణించి, దిగిన చోట స్థానికత సంపాదించిన మొదటి సాలీడు అన్నమాట. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉంది. పేరు చూసి గుత్తి వాళ్లు దిగులు పడుతున్నారు. అది బతికే చెట్టు తొర్రలు మాత్రం నంద్యాల అడవిలో ఉన్నాయి.

దేవుళ్ల సంగతి ఇంకా చిక్కు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. విభజనలో మొదటి రెండూ ఆంధ్రాకు, తర్వాతి రెండూ తెలంగాణకు పడ్డాయి. ఎవరూ అడగకుండానే జరిగిన ఒకే ఒక్క న్యాయమైన పంపకం ఇది. గుడి మాత్రం ఇవతల ఉండిపోయింది. మల్లన్నను చెంచు మల్లయ్య అని, తమ అల్లుడని చెంచులు చెప్పుకుంటారు. ఉగాదికి కర్ణాటక నుంచి కాలినడకన వచ్చే భక్తులేమో భ్రమరాంబ మా ఆడపిల్ల, మల్లన్న మా అల్లుడు అంటారు. అల్లుడు ఒక్కడే, అత్తారిళ్లు మూడు రాష్ట్రాల్లో. కిందకు వెళ్తే అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకుని కూర్చున్నాడు. నల్లమలలో ఏ దేవుడైనా చివరికి చెంచుల ఇంటి అల్లుడే. వీళ్లందరి కాపురాలకు అంతర్రాష్ట్ర ఒప్పందం కావాలంటే ఎన్ని సంతకాలు పడతాయో ఊహించుకోండి.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను, అది కోర్టు వ్యవహారం. శ్రీశైలం డ్యామ్ దగ్గర కుడి గట్టు మీద 770 మెగావాట్లు, ఎడమ గట్టు కింద 900 మెగావాట్లు. డ్యామ్ ఒకటే. నీటిమట్టం 885 అడుగులకు చేరితే ఇద్దరూ పొంగిపోతారు. తగ్గితే ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటారు.

ఇక పెంటల గురించి. బయటివాళ్లకు పెంట అంటే ఎరువు కుప్ప, చెత్త. నల్లమలలో పెంట అంటే చెంచుల ఊరు. సుండిపెంట, దోమలపెంట, ఈగలపెంట అన్నీ అలా వచ్చిన పేర్లే. మనవాళ్లు శ్రీశైలం వెళ్తూ ఈ బోర్డులు చదివి, అర్థం సరిగ్గానే తెలిసినట్టు, కారు అద్దం దించి చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు బయటకు విసిరారు. ప్లాస్టిక్ నిషేధం పెట్టినా విసిరారు. కోతులకు మాత్రం భలే హుషారు, ఆ ప్యాకెట్లు విప్పే పద్ధతి అవి మనకన్నా ముందే నేర్చాయి. దీనికి ప్రభుత్వం గట్టి చర్యే తీసుకుంది. దోమలపెంట పేరు బ్రహ్మగిరి, ఈగలపెంట పేరు కృష్ణగిరి అయ్యాయి. చెత్త అక్కడే ఉంది, పెంట ఒక్కటే పోయింది.

రాత్రి తొమ్మిదికి శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు మూస్తారు, తెల్లారి ఆరుకు తీస్తారు. ఒకసారి తొమ్మిదీ ఐదుకు చేరిన పాపానికి నేను తెల్లవార్లూ కార్లోనే కూర్చున్నాను. పక్క కారాయన గేటు దగ్గర గార్డుతో “నేనెవరో తెలుసా?” అని చాలాసేపు అడిగాడు. పాపం ఆయనకే తెలియనట్టుంది. ఈ కష్టాలు చూసి అడవి మీదుగా పొడవాటి ఎలివేటెడ్ కారిడార్ కట్టాలనే ప్రతిపాదన ఒకటి నడుస్తోంది. కింద పులులు, పైన మనం. పులి తల పైకెత్తి చూస్తే టైర్లు కనబడతాయి, మనం తల దించి చూస్తే ఫోన్ కనబడుతుంది. ఎవరి బతుకు వారిది.

ఫరహాబాద్‌లో నిజాం వేట బంగళా శిథిలాలు ఉన్నాయి. అప్పట్లో దొరలు పులిని కాల్చి పక్కన నిలబడి ఫొటో దిగేవారు. ఇప్పుడు సఫారీ జీపులో వెళ్లి, పులి కనబడక, బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగుతున్నాం. ఈ ఒక్క విషయంలో పురోగతి ఉందని ఒప్పుకోవాలి. 2019లో నల్లమల నేల కింద యురేనియం కోసం 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణ అన్నప్పుడు ఊళ్లన్నీ అడ్డం తిరిగాయి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అన్ని పార్టీలు ఒకే మాట మీద నిలబడటం చూసి అడవి కంగారుపడి ఉంటుంది.

చెంచుల తేనె పని ఎప్పుడైనా చూశారా? కొండ అంచు నుంచి తాడు పట్టుకుని ఒకడు లోయలోకి దిగుతాడు. కింద ఎంత లోతో కనబడదు, చుట్టూ తేనెటీగలు. పైన తాడు కాసేవాడు సొంత అన్న గానీ తమ్ముడు గానీ కాకూడదట. బావమరిది అయి ఉండాలట. అన్నదమ్ముడికైతే ఏదో ఒక రోజు తాడు మీద మనసు మారొచ్చు. బావమరిది మాత్రం అక్కచెల్లెలి పసుపు కుంకుమ గుర్తుపెట్టుకుని గట్టిగా పట్టుకుంటాడని వాళ్ల లెక్క. వేదికల మీద రెండు తెలుగు రాష్ట్రాలూ అన్నదమ్ముల్లాంటివని వింటున్నప్పుడల్లా నాకు ఆ తాడే గుర్తొస్తుంది.

అందుకే నా దరఖాస్తులో చిన్న సవరణ చేశాను. పంపకాలు పూర్తయ్యేదాకా అడవి తాడు కాయడానికి బావమరిది వరసయ్యే శాఖ ఏదైనా ఉందేమో చెప్పమని కోరాను. అది ఏ అంతస్తులో ఉంటుందో కనుక్కుందామని సచివాలయానికి ఫోన్ చేశాను.

అవతలి గొంతు చాలా మర్యాదగా, “సార్, మీకు ఏ సచివాలయం కావాలి?” అంది.