బొట్టు చూసి మాట్లాడే విద్య

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ నెలలో మూడోసారి అదే ఫార్వర్డ్ వచ్చింది. ఆటిజం (నలుగురితో కలవడం, శబ్దాలు, స్పర్శలు తట్టుకోవడం కష్టమయ్యే మెదడు తీరు) చిన్నపిల్లలకు, అదీ మగపిల్లలకు వచ్చేదట. కళ్ళలోకి చూసి మాట్లాడుతూ, ఉద్యోగం, కాపురం చేసుకునే ఆడవాళ్ళు ముప్పై దాటాక 'మాకు ఆటిజం' అంటే అది రీల్స్ చూసి తెచ్చుకున్న ఫ్యాషనట. నాకు 34వ ఏట తేలింది కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

చిన్నపిల్లలకే అన్న మాటలో సగం నిజముంది. ఆటిజం పుట్టుకతో వచ్చేదే. పెద్దయితే పోతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మానసిక సమస్యలను తేల్చడానికి డాక్టర్లు చూసుకునే అమెరికా పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5 కూడా లక్షణాలు చిన్నతనం నుంచే ఉండాలంటూనే, నేర్చుకున్న ఉపాయాల చాటున అవి దాగి ఉండొచ్చని ఒప్పుకుంది. మా డాక్టరమ్మ అమ్మను కూర్చోబెట్టి నా చిన్నతనం అడిగింది. పరికిణీ జరీ గుచ్చుకుంటుందని ప్రతి పండక్కీ ఏడుపేనని, కంచంలో పెరుగు వచ్చి పప్పుకు తగిలితే లేచిపోయేదాన్నని అమ్మ చెప్పింది. 'మొండిఘటం అనుకున్నామండీ' అంది.

మగపిల్లలకేనా? 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి మొదట రాసిన 11 మంది పిల్లల్లోనే ముగ్గురు ఆడపిల్లలు. మగవాళ్ళు నలుగురుంటే ఆడవాళ్ళు ఒక్కరని చాలాకాలం అన్నారు. 2017లో 54 అధ్యయనాలు కలిపి చూస్తే ఆ లెక్క ముగ్గురికి ఒకరికి దగ్గరగా వచ్చింది. నోరెత్తని ఆడపిల్లను 'బుద్ధిమంతురాలు' అనే ఇళ్ళలో ఇంకెందరు మిగిలిపోయారో.

ఇక కళ్ళలోకి చూడటం. నేను చూసేది బొట్టు. ఏడో తరగతిలో కనిపెట్టాను ఈ కిటుకు. మగవాళ్ళయితే కళ్ళజోడు మధ్య కమ్మీ. అవతలివాళ్ళకు తేడా తెలియదు. కానీ చూపు తిప్పకూడదని లెక్కపెట్టుకునేసరికి, వాళ్ళన్న మాటలో సగం జారిపోతుంది.

ఉద్యోగం చేస్తున్నావుగా అంటారు. చేస్తున్నాను. కూకట్‌పల్లిలో ఎక్కి, అమీర్‌పేటలో ఆ తోపులాటలో రైలు మారి, రాయదుర్గంలో దిగేసరికి ఒంట్లో సత్తువ సగమైపోతుంది. చెవులకు హెడ్‌ఫోన్స్ ఉంటాయి, పాటలేం ఉండవు. సాయంత్రం వచ్చి లైటు వేయకుండా అరగంట కూర్చుంటే గానీ కుక్కర్ విజిల్ భరించలేను. పెళ్ళికెళ్ళొస్తే, ఫంక్షన్ హాల్ డీజే పుణ్యమా అని, రెండ్రోజులు పోయినట్టే.

ఫ్యాషన్ సంగతి. రీల్ చూసి ఎవరికి వాళ్ళు ముద్ర వేసుకోవడం నాకూ నచ్చదు. అనుమానం రావడానికి రీల్ పనికొస్తుందేమో, తేల్చడానికి కాదు. కానీ నాలుగు సిట్టింగులు, బోలెడు ఫీజు, ఆపైన అత్తగారి 'పిల్లలకూ వస్తుందా?' అన్న ప్రశ్న. ఇంత ఖరీదైన ఫ్యాషన్ ఎవరికి కావాలండీ?

ఇందులో సగం గ్రూపులో పెట్టగానే, ఆ ఫార్వర్డ్ పంపిన పిన్ని ఫోన్ చేసింది. ఎత్తలేదు. 'మెసేజ్ పెట్టు పిన్నీ, ఫోన్లో అయితే నేను ముందు కాగితం మీద రాసుకోవాలి' అని పెట్టాను.